మీకు తెలుసా? మీవాళ్లు పడుకునే మేడ కాగితాల్లో ఏ వర్గం?

నాలుగంతస్తుల మేడ. అంతస్తుకు రెండు ఫ్లాట్లు, మధ్యలో లిఫ్టు, దాన్ని ఆనుకుని మెట్లు. ఎనిమిది కుటుంబాలు కాపురముంటే అది అపార్ట్‌మెంట్. ఎవరో ఒకరు మేడంతా లీజుకు తీసుకుని, గదికి నాలుగు మంచాలు వేసి, కింద మెస్సు పెడితే హాస్టల్. నడవలేని పెద్దవాళ్లను చేర్చుకుని ఆయాలను పెడితే వృద్ధాశ్రమం. సెలైన్ స్టాండ్లు, ఆక్సిజన్ సిలిండర్లు దిగితే నర్సింగ్ హోమ్. బయటి నుంచి చూస్తే బోర్డు తప్ప ఏమీ మారలేదు. మన జాతీయ భవన నియమావళి లెక్కలో మాత్రం ఇవి నాలుగూ వేర్వేరు భవనాలు. మెట్లు ఎంత వెడల్పుండాలో, ఒక అంతస్తులో ఎంతమందిని లెక్కగట్టాలో, ఫైర్ శాఖ ఏమేం అడగాలో అన్నీ ఆ వర్గాన్ని బట్టే తేలతాయి.

బిల్డింగ్ రూల్స్ అనగానే మనకు సెట్‌బ్యాక్, పార్కింగ్, ఎన్ని అంతస్తులకు పర్మిషన్ అన్నవే గుర్తొస్తాయి. వాటికన్నా ముందు ప్లాన్ మీద ఇంకో మాట రాయాలి: ఈ భవనం ఎందుకు వాడతారు? ఇంజినీర్లు దాన్ని ‘ఆక్యుపెన్సీ’ అంటారు. మనుషులు నిద్రపోయే భవనాల విషయంలో ఈ వర్గీకరణ వెనకున్న ప్రశ్న ఒక్కటే. రాత్రి రెండింటికి అలారం మోగితే లోపలున్నవాళ్లు తమంతట తాము లేచి, దారి చూసుకుని, మెట్లు దిగి రోడ్డు మీదికి రాగలరా? రాగలిగితే ఒక వర్గం, రాలేకపోతే మరో వర్గం. ఇల్లు, హాస్టల్, ఆశ్రమం, ఆసుపత్రి మధ్య నియమావళి గీసిన గీతలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇల్లు ఎప్పుడు ఇల్లు కాకుండా పోతుంది?

భారతీయ ప్రమాణాల సంస్థ 1970లో తొలిసారి తెచ్చిన జాతీయ భవన నియమావళిని 1983, 2005, 2016లలో సవరించారు. అగ్ని భద్రత అందులో నాలుగో భాగం. అక్కడ భవనాలు తొమ్మిది వర్గాలు. ‘ఏ’ అంటే నివాసం, ‘బి’ విద్య, ‘సి’ సంరక్షణ సంస్థలు. మిగతావి సినిమా హాళ్ల నుంచి గోదాముల దాకా.

నివాసం మళ్లీ ఆరు రకాలు. ఏ-1 లాడ్జీలు, గెస్ట్ హౌస్‌లు. ఏ-2 ఒకటి రెండు కుటుంబాలుండే సొంతిల్లు. ఏ-3 డార్మిటరీలు, హాస్టళ్లు. ఏ-4 అపార్ట్‌మెంట్లు. ఏ-5, ఏ-6 హోటళ్లు. సంరక్షణ వర్గంలో మూడు: సి-1లో ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లు; సి-2లో వృద్ధాశ్రమాలు, అనాథాశ్రమాలు, జబ్బు నుంచి కోలుకునేవాళ్లుండే చోట్లు; సి-3లో జైళ్లు, మానసిక చికిత్సాలయాలు.

మీ సొంతింట్లో రెండు గదులు బయటివాళ్లకు అద్దెకిచ్చారనుకోండి. గదికి ముగ్గురు మించనంత వరకు, మొత్తం ఇంట్లో పడుకునేవాళ్లు 20 మంది దాటనంత వరకు అది ఏ-2 ఇల్లే. 21వ మంచం పడిందా, అది ఇల్లు కాదు. లాడ్జి, హాస్టల్, అపార్ట్‌మెంట్లలో ఏదో ఒకటి అవుతుంది. అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, మాదాపూర్ సందుల్లో ఉన్న పీజీ హాస్టళ్లను ఈ లెక్కతో ఒక్కసారి చూడండి. ఇంటి కోసం ప్లాన్ గీయించి, ఇంటి మెట్లే కట్టి, ఆపైన హాస్టల్‌గా మార్చిన మేడలు మన ఊళ్లలో కొల్లలు. పిల్లలను చేర్పించేటప్పుడు మనం భోజనం ఎలా ఉంది, వైఫై వస్తుందా, గేటు ఎన్నింటికి మూస్తారు అని అడుగుతాం. కాగితాల మీద అది ఇల్లా, హాస్టలా అని అడిగేవాళ్లు అరుదు.

ఇంకోటి మన తెలుగువాళ్లకు మరీ దగ్గరి సంగతి. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో కింద క్లాసులు, పైన హాస్టల్ గదులు ఉండటం మామూలే. నియమావళి ప్రకారం అలాంటి చోట చదువుకునే భాగానికి విద్యా వర్గం వర్తిస్తే, పిల్లలు పడుకునే భాగానికి దాంతోపాటు ఏ-3 వర్గమూ వర్తిస్తుంది. కారణం స్పష్టం. పట్టపగలు బెంచీ మీద మెలకువగా ఉన్న పదహారేళ్ల కుర్రాడు బెల్లు మోగగానే పరిగెత్తగలడు. స్టడీ అవర్స్ ముగిసి, అర్ధరాత్రి దాటాక గాఢనిద్రలో ఉన్న అదే కుర్రాడికి మెలకువ రావడానికే సమయం పడుతుంది. పొగలో తలుపు ఎటుందో తెలియదు. ఆ కాసేపటి కోసమే అదనపు నిబంధనలు.

తక్కువమందికి వెడల్పాటి మెట్లు ఎందుకు?

ఈ లెక్క మొదటిసారి చూసినవాళ్లకు తలకిందులుగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక అంతస్తు విస్తీర్ణం 750 చదరపు మీటర్లనుకుందాం. నివాస భవనమైతే మనిషికి 12.5 చదరపు మీటర్ల చొప్పున లెక్కగట్టాలి, అంటే 60 మంది. ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్లు ఉండే భాగమైతే మనిషికి 15 చదరపు మీటర్లు, అంటే 50 మంది. మనుషులు తగ్గారు కాబట్టి మెట్లు కూడా సన్నగా ఉంటే చాలనిపిస్తుంది. నియమావళి మాత్రం అపార్ట్‌మెంట్‌కు, హాస్టల్‌కు కనీసం 1.25 మీటర్ల వెడల్పు మెట్లు చాలంటుంది, సంరక్షణ భవనానికి 2 మీటర్లు కావాలంటుంది. మెట్ల వెడల్పును మనిషికి ఇన్ని మిల్లీమీటర్లని లెక్కకట్టే పట్టికలోనూ నివాసానికి 10 ఉంటే, సంరక్షణ వర్గానికి 15.

ఎందుకో తెలియాలంటే ఒక పేషెంటును మెట్ల మీంచి దించడం చూడాలి. మనిషిని పడుకోబెట్టే స్ట్రెచర్ దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది. తలవైపు ఇద్దరు, కాళ్లవైపు ఇద్దరు పట్టుకోవాలి. సెలైన్ సీసా పైకెత్తి పట్టుకోవడానికి ఇంకొకరు. దిగేటప్పుడు ముందున్నవాళ్లు వెనక్కి చూసుకుంటూ ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతారు. అపార్ట్‌మెంట్ మెట్ల మలుపు దగ్గరికి రాగానే అంతా ఆగిపోతుంది. మలుపులోని ల్యాండింగ్ లోతు మెట్ల వెడల్పంతే, అంటే మీటరుంబావు. రెండు మీటర్ల స్ట్రెచర్ అక్కడ అడ్డంగా తిరగదు. ఒక చివర పైకెత్తి, రెయిలింగ్ మీదుగా తిప్పాలి. పైనున్న మనిషి జారిపోకుండా బెల్టు బిగించి ఉండాలి. ఈ లోపు వెనకనుంచి ఇంకో స్ట్రెచర్ వస్తే అది పై మెట్టు మీదే నిలబడిపోతుంది. ఎదురుగా ఫైర్ సిబ్బంది హోస్ పైపు పట్టుకుని పైకొస్తుంటే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. 2 మీటర్ల మెట్ల మీద ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి.

కాగా వృద్ధాశ్రమాల్లో, అనాథాశ్రమాల్లో వరసగా మంచాలు వేసే హాలు భాగానికి మనిషికి 7.5 చదరపు మీటర్ల చొప్పునే లెక్క. అదే 750 చదరపు మీటర్ల హాల్లో 100 మంది. వాళ్లలో ఎంతమంది నడవగలరన్నది ఆ పట్టికలో ఉండదు. ఆశ్రమం నడిపేవాళ్లే అది చూసుకోవాలి. పట్టిక చెప్పినంత మాత్రాన సరిపోదని నా అభిప్రాయం. నడవలేనివాళ్లను పై అంతస్తుల్లో ఉంచకపోవడమన్నది ఏ మెట్ల వెడల్పుకన్నా ముందు చేయదగ్గ పని.

విజయవాడ, 2020 ఆగస్టు 9

వర్గం మారితే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. కరోనా రోజుల్లో ఆసుపత్రుల్లో పడకలు చాలక హోటళ్లను కొవిడ్ కేర్ కేంద్రాలుగా మార్చారు. విజయవాడలోని స్వర్ణ ప్యాలెస్ హోటల్ అలా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆధ్వర్యంలో కేంద్రమైంది. 2020 ఆగస్టు 9న తెల్లవారుజామున అక్కడ మంటలు రేగాయి. పొగ పైఅంతస్తులకు ఎగబాకింది. పది మంది చనిపోయారు. కొందరు కిటికీల దగ్గర నిలబడి కేకలు వేస్తూ సాయం కోసం చూశారు.

హోటల్ అంటే నియమావళిలో నివాస వర్గమే. అక్కడి గదుల్లో దిగేవాళ్లు సూట్‌కేసు తాము మోసుకుని వచ్చి, ఆరోగ్యంగా నిద్రపోయి, పొద్దున్నే బిల్లు కట్టి వెళ్లేవాళ్లని నిబంధనలు అనుకుంటాయి. కొవిడ్‌తో నీరసించి, ఊపిరాడక, జ్వరం మందు మత్తులో ఉన్నవాళ్లను ఆ గదుల్లో పడుకోబెట్టిన రోజే ఆ భవనం చేస్తున్న పని సి-1 పని అయింది. కారిడార్లు, మెట్లు, పొగ బయటికి పోయే దారులు మాత్రం హోటల్‌వే. ఆ రోజుల్లో పడకల కొరత నిజం, అందరూ హడావిడిలో ఉన్నారన్నదీ నిజం. అయినా రోగులను చేర్చుకునే ముందు ఒక ఫైర్ ఆఫీసరు మెట్లెక్కి దిగి చూసి ఉంటే అన్న ఆలోచన మనసును వదలదు.

దానికి మూడు రోజుల ముందే, ఆగస్టు 6న అహ్మదాబాద్‌లో ఒక కొవిడ్ ఆసుపత్రి ఐసీయూలో మంటలు రేగి 8 మంది పోయారు. నవంబరులో రాజ్‌కోట్‌లో ఇంకో కొవిడ్ ఆసుపత్రి తగలబడింది. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, కొవిడ్ ఆసుపత్రుల అగ్ని భద్రతకు నోడల్ అధికారులను పెట్టాలని ఆదేశించింది.

అంతకుముందు 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రి ప్రమాదంలో 90 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రోగులు. మంట మొదలైంది సెల్లార్‌లో. పార్కింగ్ కోసం చూపించిన చోట మండే సామాను నింపారు. పొగ ఏసీ గొట్టాల గుండా, మెట్ల బావుల గుండా వార్డుల్లోకి చేరింది. సెల్లార్‌ను ఏం చేస్తున్నారన్నది కూడా వర్గీకరణలో భాగమే. పార్కింగ్ అని రాసి గోదాము పెడితే పైన ఎంత మంచి ఆసుపత్రి కట్టినా లాభం లేదు.

ఒకే చోట రెండు పనులు జరిగితే

కింద బట్టల షాపు, మొదటి అంతస్తులో డయాగ్నస్టిక్ సెంటర్, పైన నర్సింగ్ హోమ్, చివరన ఓనరు ఇల్లు. ఇలాంటి మేడలు మన జిల్లా కేంద్రాల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. వీటిని మిశ్రమ వినియోగం అంటారు. మధ్యలో తగినంతసేపు మంటను ఆపే గోడలు, శ్లాబులతో విడదీయకపోతే, అన్నిటికన్నా కఠినమైన నిబంధన ఏ వర్గానికి ఉందో అదే మేడంతటికీ వర్తించాలన్నది సూత్రం. ఓనరుగారి ఇల్లు కూడా ఆసుపత్రి లెక్కలోకే రావాలన్నమాట.

అయితే జాతీయ నియమావళి దానంతట అది చట్టం కాదు. కట్టడాలకు అనుమతులు, అగ్నిమాపక సేవలు రాష్ట్రాల, పురపాలక సంస్థల చేతిలో ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వచ్చిన జీవో 119 ఇక్కడి భవన నియమాలు. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ఎత్తును బట్టి, జనం గుమిగూడే తీరును బట్టి ఎన్ఓసీ అడుగుతుంది. అసలు చిక్కు శాఖల మధ్య ఉంది. భవనం ప్లాన్ మంజూరు చేసేది టౌన్ ప్లానింగ్. నర్సింగ్ హోమ్‌ను రిజిస్టర్ చేసేది జిల్లా వైద్య ఆరోగ్య యంత్రాంగం. ఎన్ఓసీ ఇచ్చేది అగ్నిమాపక శాఖ. ఇంటి ప్లాన్‌తో కట్టిన మేడలో ఆసుపత్రి బోర్డు పడితే, ఈ ముగ్గురి కాగితాలు ఒకచోట పెట్టి చూసేవాళ్లుంటేనే తేడా బయటపడుతుంది.

తాళం ఎవరి చేతిలో ఉంది?

జైలునూ, మానసిక చికిత్సాలయాన్నీ సి-3లో పక్కపక్కన పెట్టారని పైన చెప్పాను. చదవగానే మనసు చివుక్కుమంటుంది. జబ్బుపడ్డవాళ్లను ఖైదీల సరసన కూర్చోబెట్టడమేమిటి? భవనం కోణంలో చూస్తే కారణం ఒక్కటే: లోపలున్నవాళ్లు తలుపు తీసుకుని బయటికి రాలేరు. తాళం ఇంకొకరి చేతిలో ఉంటుంది. కాబట్టి ఆ తాళం తీసే మనిషి ఎప్పుడూ మెలకువగా, దగ్గరగా ఉండాలని, తలుపులన్నీ త్వరగా తెరుచుకునే ఏర్పాటుండాలని అక్కడి నిబంధనల ఉద్దేశం.

తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తాటాకు షెడ్డు అంటుకుని 28 మంది మానసిక రోగులు చనిపోయారు. వాళ్లను మంచాలకు, స్తంభాలకు గొలుసులతో కట్టి ఉంచారు. దర్గాకు మొక్కుకుంటే నయమవుతుందని కుటుంబాలు తీసుకొచ్చి వదిలిన మనుషులు వాళ్లు. ఆ షెడ్డు నియమావళిలోని ఏ వర్గంలోనూ లేదు, ఎవరి రిజిస్టరులోనూ సరిగా లేదు. ఆ ఘటన తర్వాత సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. వర్గీకరణ అనే మాట పొడిగా, గుమాస్తా పనిలా అనిపించినప్పుడల్లా నాకు ఏర్వాడి గుర్తొస్తుంది. ఒక చోటును రిజిస్టరులోకి ఎక్కించడమంటే అక్కడ పడుకునేవాళ్లు ఉన్నారని ఒప్పుకోవడం.

అయిదుగురు, పదహారు మంది, పదమూడు నిమిషాలు

అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఈ గీతలు ఇంకా సన్నగా గీశారు. స్నానానికో, మందులకో, తిండికో సాయం కావాల్సినవాళ్లు ఇంట్లో అయిదుగురు లేదా అంతకు తక్కువ ఉంటే దాన్ని మామూలు ఇంటి కిందే చూడొచ్చు. ఆరు నుంచి 16 మంది దాకా ఉంటే ఆర్-4, నివాస వర్గంలోనే ఉన్నా నిబంధనలు పెరుగుతాయి. 16 దాటితే ఐ-1, అంటే సంరక్షణ సంస్థ. వైద్యం పొందుతూ తమను తాము కాపాడుకోలేని స్థితిలో ఉన్నవాళ్లు అయిదుగురిని మించితే ఐ-2, ఆసుపత్రుల వర్గం. మంచాలను దొర్లించుకుపోవాల్సిన ఐ-2 కారిడార్ వెడల్పు 8 అడుగులు. మామూలు భవనాల్లో 44 అంగుళాలు చాలు. రెండు మంచాలు ఎదురెదురుగా వస్తే ఆగకుండా దాటిపోవాలన్నది ఆ 8 అడుగుల లెక్క.

ఆర్-4, ఐ-1లలో మళ్లీ రెండు షరతులున్నాయి. ఎవరి సాయం లేకుండా బయటపడగలిగినవాళ్లే ఉంటే ఒకటో షరతు. ‘అమ్మా లేవండి, ఇటు రండి’ అని చెప్పాల్సినవాళ్లు, చెయ్యి పట్టుకుని నడిపించాల్సినవాళ్లు ఉంటే రెండో షరతు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దాయన కాళ్లు గట్టిగానే ఉండొచ్చు. అలారం మోగితే అది దేనికో ఆయనకు అర్థం కాదు. అంచేత ఆయన రెండో షరతు కిందికే వస్తారు.

అమెరికాలోనే లైఫ్ సేఫ్టీ కోడ్ అనే మరో ప్రమాణం ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి హోమ్‌లను గడియారంతో కొలవొచ్చంది. అందరూ 3 నిమిషాల్లోపు సురక్షితమైన చోటికి చేరగలిగితే ‘త్వరితం’. 3 నుంచి 13 నిమిషాలు పడితే ‘నెమ్మది’. 13 దాటితే ‘ఆచరణలో సాధ్యం కాదు’. ఏ గుంపులో తేలితే దానికి తగ్గ గోడలు, స్ప్రింక్లర్లు పెట్టుకోవాలి. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. పడకలు లెక్కపెట్టడం తేలిక. మనుషుల్ని నిజంగా ఒకసారి బయటికి నడిపించి చూడటానికే శ్రమ కావాలి, అందులోనే నిజం తెలుస్తుంది.

పసిపిల్లల సంగతి కూడా ఉంది. రెండున్నరేళ్ల లోపు పిల్లలు అయిదుగురిని మించి ఉన్న డే కేర్‌ను అదే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ సంరక్షణ వర్గంలో, ఐ-4లో పెట్టింది. కానీ పిల్లలు వంద మందికి మించకుండా, ప్రతి గదీ బయటికి దారితీసే అంతస్తులోనే ఉండి, ప్రతి గదికీ నేరుగా ఆరుబయటికి తలుపు ఉంటే దాన్ని బడిలాగే పరిగణించవచ్చు. చేతికొకరిని, చంకకొకరిని ఎత్తుకుని ఆయా ఒక్క అడుగులో బయటపడగలదు కాబట్టి. మన అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో క్రెష్ పెట్టేవాళ్లు ఈ ఒక్క షరతు చదివినా చాలు. మన దేశంలో పసికందులను పోగొట్టుకున్న ప్రమాదాలు తక్కువేమీ కాదు. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో 10 మంది, 2024 నవంబరులో ఝాన్సీ మెడికల్ కాలేజీ నవజాత శిశువుల వార్డులో మంటలు రేగిన రాత్రే 10 మంది. తమంతట తాము కదలలేని మనుషుల్లో వీళ్లకన్నా నిస్సహాయులు ఎవరూ ఉండరు.

ఆస్ట్రేలియా వాళ్లు శాతం లెక్క పెట్టుకున్నారు. అక్కడి కోడ్‌లో పెద్దల సంరక్షణ భవనాలకు 9సి అని ప్రత్యేక తరగతి ఉంది. అక్కడ ఉండేవాళ్లలో పదో వంతు లేదా అంతకు మించి రోజువారీ పనులకూ, ప్రమాద సమయంలో బయటపడటానికీ మనిషి సాయం కావాల్సినవాళ్లయితే ఆ భవనం ఆ తరగతిలోకి వెళుతుంది. ఒకప్పుడు అందరూ చలాకీగా తిరిగిన హోమ్ ఏళ్లు గడిచేకొద్దీ, ఒక్క ఇటుక కూడా కదలకుండానే తరగతి మారే స్థితికి వస్తుంది.

ప్రమాదం తర్వాతే మారిన గీతలు

స్కాట్లండ్‌లోని ఉడింగ్‌స్టన్ దగ్గర రోజ్‌పార్క్ కేర్ హోమ్‌లో 2004 జనవరి 31 తెల్లవారుజామున ఒక అల్మారాలో మంట పుట్టింది. మంట ఎక్కువ దూరం పోలేదు. పొగ కారిడార్‌లోకి, అక్కడినుంచి తెరిచి ఉన్న తలుపుల గుండా పడక గదుల్లోకి పాకింది. 14 మంది పెద్దవాళ్లు చనిపోయారు. గదుల తలుపులు వాటంతట అవి మూసుకునే ఏర్పాటు లేకపోవడాన్ని విచారణలో ఎత్తిచూపారు. పెద్దవాళ్లు తలుపు తీసుకుని పడుకోవడానికే ఇష్టపడతారు. ఒంటరిగా అనిపించదు, ఆయా పిలిస్తే వినిపిస్తుంది. ఆ అలవాటును గౌరవిస్తూనే, అలారం మోగగానే వదిలేసే అయస్కాంతంతో తలుపును తెరిచి పట్టుకునే పరికరాలు ఉన్నాయి. కరెంటు ఆగగానే తలుపు నెమ్మదిగా తనే మూసుకుంటుంది.

జపాన్ కథ విస్తీర్ణం గురించి. 2006 జనవరిలో నాగసాకి రాష్ట్రంలోని ఓమురాలో మతిమరుపు ఉన్న పెద్దల గ్రూప్ హోమ్ కాలి ఏడుగురు చనిపోయారు. అప్పటికి అలాంటి చోట్ల 1,000 చదరపు మీటర్లు దాటితేనే స్ప్రింక్లర్లు తప్పనిసరి. చిన్న హోమ్‌లు ఆ గీత కింద ఉండిపోయాయి. 2007లో గీతను 275 చదరపు మీటర్లకు దించారు. 2013లో నాగసాకి నగరంలో ఇంకో గ్రూప్ హోమ్ తగలబడింది, అదీ ఆ గీత కిందిదే. సాయం లేనిదే బయటపడలేనివాళ్లుండే చోట్లకు అసలు విస్తీర్ణం లెక్కే లేకుండా 2015 ఏప్రిల్ నుంచి స్ప్రింక్లర్లు తప్పనిసరి చేశారు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం, లిల్-వెర్ట్ ఊళ్లో 2014 జనవరి 23న వృద్ధుల నివాసం ఒకటి కాలి 32 మంది చనిపోయారు. తర్వాత కట్టిన భాగానికి స్ప్రింక్లర్లు ఉన్నాయి, అది నిలిచింది. పాత భాగానికి లేవు. ఆస్ట్రేలియాలో 2011లో సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్ నర్సింగ్ హోమ్‌లో 11 మంది పోయాక, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం పాత హోమ్‌లకూ స్ప్రింక్లర్లు పెట్టించింది. ఇంగ్లండ్‌లో కొత్తగా కట్టే కేర్ హోమ్‌లన్నిటికీ స్ప్రింక్లర్లు ఉండాలన్న మార్గదర్శకం 2025 మార్చి 2 నుంచి అమల్లోకి వచ్చింది.

ఫ్లాట్ కొన్నప్పుడు 65, ఇప్పుడు 85

కోయంబత్తూరు, హైదరాబాద్ లాంటి చోట్ల సీనియర్ లివింగ్ పేరిట ఫ్లాట్లు అమ్ముతున్నారు. విదేశాల్లో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నల కోసం కొంటున్నారు. విడివిడిగా వంటిళ్లు, కుటుంబాలు వేటికవిగా ఉండే ఫ్లాట్లు కాబట్టి అవి కాగితాల మీద ఏ-4 అపార్ట్‌మెంట్లు కావచ్చు. కొన్నప్పుడు దంపతులిద్దరూ మార్నింగ్ వాక్‌కు వెళ్లేవాళ్లు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఒకరు వీల్‌చెయిర్‌లో, ఇంకొకరు వాకర్‌తో ఉంటారు. కింది అంతస్తులో నర్సులు, ఫిజియోథెరపీ గది వెలుస్తాయి. మనుషులు సి-2కు చేరుకున్నారు, భవనం ఏ-4లోనే ఉండిపోయింది. కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం అయితే ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒకటైనా ఏర్పాటు చేయవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. ఆ 150 పడకలు ఏ అంతస్తుల్లో వేస్తారన్నది కట్టేముందే తేల్చుకోవాలి.

అమ్మనో నాన్ననో ఇలాంటి చోట చేర్చేముందు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించమని అడగండి. అందులో ‘రెసిడెన్షియల్’ అని ఉందా, ‘ఇన్‌స్టిట్యూషనల్’ అని ఉందా చదవండి. ఫైర్ ఎన్ఓసీ ఏ వినియోగానికి ఇచ్చారో, తేదీ దాటిందో లేదో చూడండి. మీవాళ్ల గది నుంచి రెండు వేర్వేరు మెట్ల దాకా మీరే నడవండి, ఆ తలుపులకు తాళం ఉందేమో తోసి చూడండి. రాత్రిపూట ఎంతమంది సిబ్బంది ఉంటారు, మంచం దిగలేనివాళ్లు ఎంతమంది, ఆఖరిసారి రాత్రివేళ డ్రిల్ ఎప్పుడు చేశారు అని అడగండి. సర్టిఫికెట్ చూపించకపోతే మున్సిపాలిటీలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, మంజూరైన ప్లాన్‌లో ఆ భవనం ఏ వినియోగానికి కట్టారో తెలుసుకోవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.